యూనిట్ ఇచ్చిన కిట్టా, బండి కోసం కొనే గేరా? డ్యూటీ లేనప్పుడు బైక్ నడిపే సైనికులకు ఎంపిక సలహా

2008 అక్టోబరు నాటికి, అంతకుముందు పన్నెండు నెలల్లో 25 మంది అమెరికన్ మెరీన్లు మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో చనిపోయారు. అదే కాలంలో ఇరాక్‌లో శత్రువు కాల్పుల్లో చనిపోయిన మెరీన్ల కంటే ఆ సంఖ్య ఎక్కువ. వాళ్ళలో దాదాపు అందరూ స్పోర్ట్స్ బైకుల మీద పోయినవాళ్ళే. యుద్ధభూమి నుంచి క్షేమంగా వచ్చిన మనిషి సెలవులో రోడ్డు మీద పోవడం కంటే బాధాకరమైనది ఏముంటుంది?

సైనికుడికి ఒక చిక్కు ఉంది, మామూలు రైడర్‌కు అది ఉండదు. హెల్మెట్, బూట్లు, గ్లోవ్స్, కళ్ళద్దాలు, దృఢమైన యూనిఫాం ఇప్పటికే అతని బీరువాలో ఉంటాయి. తూటాకు, తునకలకు ఆగే సామాను తారు రోడ్డుకు ఆగదా అనిపించడం సహజం. కానీ చాలావరకు ఆగదు. బూట్లు సగం పనికొస్తాయి, కళ్ళద్దాలు ఒక సందర్భంలో పనికొస్తాయి, మిగతావి బండి మీద దాదాపు వేసుకోనట్టే. ఎందుకో ఒక్కో వస్తువు తీసుకుని చూద్దాం.

## ముందు కొలమానాలు

దెబ్బ శక్తిని మింగాలి. బండి మీద కూర్చున్న మనిషి తల నేల నుంచి సుమారు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆగి ఉన్న బండి మీద నుంచి ఒరిగినా తల సెకనుకు 5 మీటర్లు దాటిన వేగంతో నేలను తాకుతుంది. ‘క్యాంపు లోపలే కదా, నెమ్మదిగానే కదా’ అనే మాట ఇక్కడే వీగిపోతుంది. తల నేలకు తగిలే వేగానికి ప్రధాన కారణం ఎత్తు. స్పీడోమీటర్‌లో అంకె తక్కువగా ఉందని ఆ ఎత్తు తగ్గదు.

రాపిడికి నిలవాలి. పడ్డాక మనిషి జారతాడు. మామూలు జీన్స్ తారు మీద ఒక సెకను లోపే చిరుగుతుంది. ఆ తర్వాత అరిగేది చర్మమే.

ఒంటి మీద నుంచి ఊడకూడదు. ఎంత మంచి గ్లోవ్ అయినా మొదటి దొర్లుడుకే చేతి నుంచి జారిపోతే లాభం లేదు.

రోజూ వేసుకునేలా ఉండాలి. బ్యారక్స్‌లో ఒక చిన్న అల్మారా, ఎండ, మాటిమాటికి బదిలీలు. వీటికి తట్టుకోని గేర్ గోడకు వేలాడుతూనే ఉంటుంది. ఈ నాలుగింటిలో ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఇదే. కొన్న గేర్ వృథా అయ్యేది కూడా దీనివల్లే.

ఎదుటివాడికి కనబడటం ఐదోది. దాని సంగతి చివర్లో.

## హెల్మెట్: ఇక్కడ రాజీ లేదు

కంబాట్ హెల్మెట్ పని వేరు. తునకలను, తూటాను పెంకు దగ్గరే ఆపడానికి దాన్ని తయారు చేస్తారు. లోపల చిన్న చిన్న ప్యాడ్లు ఉంటాయి గానీ, బైక్ హెల్మెట్‌లో ఉండే మందపాటి థర్మోకోల్ లాంటి పొర ఉండదు. ఆ పొర నలిగిపోయి శక్తిని మింగుతుంది కాబట్టే మెదడు మీద భారం తగ్గుతుంది. అమెరికా సైన్యం ఏళ్ళ తరబడి వాడిన ఏసీహెచ్ రకం కంబాట్ హెల్మెట్‌కు పెట్టిన మొద్దు దెబ్బ పరీక్ష వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు. యూరప్‌లో, మరికొన్ని దేశాల్లో పాటించే ఈసీఈ 22.06 ప్రమాణంలో బైక్ హెల్మెట్‌కు పెట్టే గరిష్ఠ వేగం 8.2 మీటర్లు. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తేడా ఏడు రెట్ల పైమాటే. బండి మీద కంబాట్ హెల్మెట్ పెట్టుకోవడం నిబంధనలకే కాదు, భౌతికశాస్త్రానికీ విరుద్ధం.

2008లో వెలువడిన కొక్రేన్ సమీక్ష (అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినది) ప్రకారం హెల్మెట్ వల్ల ప్రమాదానికి గురైన రైడర్లలో మరణించే అవకాశం 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతుంది. మరే వస్తువూ ఇంత తేడా తేదు. కాబట్టి డబ్బు తక్కువగా ఉంటే మొత్తం ఇక్కడే పెట్టండి.

| రకం | గడ్డానికి రక్షణ | ఇబ్బంది | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| ఫుల్ ఫేస్ | పూర్తిగా | ఎండలో ఉక్క, గేటు దగ్గర ముఖం చూపాలంటే తీయాలి | అందరికీ, ముఖ్యంగా హైవే మీద వెళ్ళేవాళ్ళకు |
| మాడ్యులర్ (ముందు భాగం పైకి లేచేది) | మూసినప్పుడు ఉంటుంది, గుర్తు చూసి కొనాలి | బరువు, కీలు దగ్గర గాలి చప్పుడు | రోజుకు చాలాసార్లు గేటు దాటేవాళ్ళకు, కళ్ళజోడు ఉన్నవాళ్ళకు |
| ఓపెన్ ఫేస్ | లేదు | దవడ, పళ్ళు, ముఖం బయటే | సలహా ఇవ్వలేం |
| సగం హెల్మెట్ | లేదు | చెవులు, కణతలు కూడా బయటే | వద్దు |

మాడ్యులర్ కొనేటప్పుడు లోపలి లేబుల్ మీద ఈసీఈ గుర్తు పక్కన అక్షరాలు చూడండి. ‘పి’ అంటే గడ్డం భాగాన్ని కూడా పరీక్షించారని. ‘జె’ అంటే ఓపెన్ ఫేస్ లెక్కలో పాసైందని. ‘పి/జె’ ఉంటే రెండు విధాలుగానూ పాసైందని. ‘ఎన్‌పి’ ఉంటే ఆ గడ్డం భాగం గాలిని ఆపడానికి మాత్రమే. గేటు దగ్గర పైకి లేపిన ముందు భాగాన్ని మూయకుండానే బయల్దేరడం మాడ్యులర్‌తో వచ్చే ప్రమాదకరమైన అలవాటు. సెంట్రీ చేయి ఊపగానే ముందు అది మూయండి, తర్వాతే గేరు వేయండి.

ప్రమాణాల్లో ఏది మేలు? ఈసీఈ 22.06లో ఏటవాలు దెబ్బ, అంటే తలను మెలితిప్పే దెబ్బ, పరీక్ష కూడా ఉంది. పాత 22.05లో లేదు. అమెరికా రవాణా శాఖ ప్రమాణాన్ని సూచించే ‘డాట్’ గుర్తును తయారీదారు తానే వేసుకుంటాడు. ప్రభుత్వం ఆ తర్వాత కొన్నింటిని తీసుకుని పరీక్షిస్తుంది. స్నెల్ అనే ప్రైవేటు సంస్థ ముద్ర అదనంగా, స్వచ్ఛందంగా తెచ్చుకునేది. భారత్‌లో ఐఎస్ 4151 కింద ఐఎస్‌ఐ గుర్తు చట్టరీత్యా తప్పనిసరి. మీరున్న దేశంలో చట్టం అడిగే గుర్తు ఉండనే ఉండాలి. దానితో పాటు ఈసీఈ 22.06 కూడా ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి.

ప్రమాణం కంటే ఎక్కువమంది పొరబడేది సైజు దగ్గర. కనుబొమల పైన రెండు సెంటీమీటర్ల ఎత్తులో, వెనక తల బాగా ఉబికిన చోట మీదుగా టేపు చుట్టి కొలవండి. పెట్టుకుని స్ట్రాప్ బిగించి హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం దానితో కదలాలి. తర్వాత వెనక అంచు పట్టుకుని ముందుకు లాగండి. ఊడివస్తే ఆ సైజు వద్దు. పది నిమిషాలు అలాగే ఉంచుకోండి. నుదుటి మీద ఒకే చోట నొప్పి మొదలైతే సైజు మార్చినా లాభం లేదు. మీ తల ఆకారానికి ఆ మోడల్ పడదు.

సైనికులకు మరో సంగతి. జుట్టు బాగా కత్తిరించి ఉన్నప్పుడే హెల్మెట్ కొనండి. నెల రోజుల సెలవులో జుట్టు పెరిగాక బిగువుగా తోచి ఒక సైజు పెద్దది తీసుకుంటే, యూనిట్‌కు తిరిగి వచ్చి క్రాప్ చేయించుకున్న రోజే అది వదులవుతుంది. లోపలి ప్యాడ్లు కూడా కొన్ని వారాల్లో అణుగుతాయి.

హెల్మెట్ ఒకసారి గట్టి దెబ్బ తింటే పెంకు బాగానే కనిపించినా లోపలి పొర నలిగి ఉంటుంది, అది మళ్ళీ ఉబ్బదు. మార్చేయండి. దెబ్బ తినకపోయినా ఐదేళ్ళకు మార్చడం మంచిది. పెట్రోల్, థిన్నర్, పెయింట్ తగలనీయకండి. యూనిట్ గుర్తు వేయించాలనే మోజులో స్ప్రే పెయింట్ కొట్టించడం చాలాచోట్ల చూస్తాం. ఆ ద్రావకం పెంకును బలహీనపరుస్తుంది.

చెవుల సంగతీ ఇక్కడే చెప్పాలి. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర హెల్మెట్ లోపల గాలి హోరు 95 డెసిబెల్స్ దాటగలదు. ఫైరింగ్ రేంజ్‌లో ఇప్పటికే చెవులు దెబ్బతిన్నవాళ్ళకు ఇది అదనపు భారం. రేంజ్‌లో వాడే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ జత, చట్టం ఒప్పుకునే చోట, దూర ప్రయాణంలో పెట్టుకోండి. యూనిట్ ఇచ్చే వాటిలో బండికి పూర్తిగా పనికొచ్చేది ఇదొక్కటే.

## బూట్లు: యూనిట్ కిట్ సగం గెలిచే చోటు

2011లో ఆస్ట్రేలియాలో వెలువడిన ఒక పరిశోధన నిజంగా ప్రమాదానికి గురైన రైడర్లను పరిశీలించింది. మామూలు షూ వేసుకున్నవారితో పోలిస్తే, బైక్ కోసం చేయని బూట్లు వేసుకున్నవారికి కూడా పాదం, చీలమండ గాయాలు సగానికి సగం తగ్గాయి. అంటే కంబాట్ బూటు వేసుకోవడం తెలివైన పనే. చెప్పులతో, స్పోర్ట్స్ షూలతో దీనికి పోలికే లేదు.

లోపాలు మూడు. బండి బరువు పాదం మీద పక్క నుంచి పడితే అరికాలు మడతపడకుండా ఆపే గట్టిదనం దీనికి తక్కువ. చీలమండ ఎముక మీద గట్టి కప్పు ఉండదు. మూడోది లేసులు. లేసు ముడి గేర్ లీవర్‌కో ఫుట్‌పెగ్‌కో చిక్కుకుంటే సిగ్నల్ దగ్గర కాలు కిందికి రాదు, బండితో సహా పక్కకు పడతారు. ముడి వేశాక లూపులను బూటు పై అంచు లోపలికి దోపి, ప్యాంటు అంచు దాని మీదికి వచ్చేలా చూసుకోండి.

ఇంకో పని చేయాలి. కంబాట్ బూటు ముందు భాగం మందంగా ఉంటుంది, గేర్ లీవర్ కింద దూరదు. లీవర్‌ను కొద్దిగా పైకి సర్దించండి. బ్రేక్ పెడల్ ఎత్తు కూడా సర్దితే వెనక బ్రేక్ లైట్ సరైన సమయానికి వెలుగుతోందో లేదో చూసుకోండి. పెడల్ ఎత్తు మారితే స్విచ్ సర్దుబాటూ మారుతుంది.

బైక్ బూట్లు కొంటే ఈఎన్ 13634 (ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం) లేబుల్ మీద నాలుగు అంకెలుంటాయి, ఒక్కొక్కటీ 1 గానీ 2 గానీ. వరుసగా ఎత్తు, రాపిడి, కోత, పాదాన్ని పక్క నుంచి నొక్కితే నిలిచే శక్తి. కంబాట్ బూటు ఎక్కువగా ఓడేది నాలుగో దానిలోనే. అందుకే అక్కడ 2 ఉన్నది తీసుకోండి. లేకపోతే కొత్త జతతో వచ్చే లాభం కొంచెమే.

## గ్లోవ్స్: చూడటానికి ఒకేలా ఉండే రెండు వేరు వస్తువులు

మనిషి పడేటప్పుడు తనకు తెలియకుండానే అరచేతులు చాపుతాడు. యూనిట్ ఇచ్చే టాక్టికల్ గ్లోవ్‌కు పైన వేలి కణుపుల మీద గట్టి ప్లాస్టిక్ ఉంటుంది, అరచేతి వైపు పలుచని బట్ట ఉంటుంది. ట్రిగ్గర్ స్పర్శ తెలియాలి కాబట్టి అలా కుడతారు. నేలను తాకేది ఆ పలుచని వైపే. పైలట్లకిచ్చే నోమెక్స్ గ్లోవ్స్ మంటకు ఆగుతాయి, రాపిడికి కాదు.

మంచి బైక్ గ్లోవ్‌లో అరచేతి మడమ దగ్గర జారే గట్టి ముక్క ఉంటుంది. అది లేకపోతే అరచెయ్యి రోడ్డును పట్టేస్తుంది, శరీరం ముందుకు పోతూ మణికట్టులో చిన్న ఎముకలు విరుగుతాయి. రెండోది మణికట్టు చుట్టూ పట్టీ. పట్టీ బిగించి, వేళ్ళ కొసలు పట్టుకుని రెండో చేత్తో గట్టిగా లాగండి. వస్తే ఆ జత వద్దు. చాలా టాక్టికల్ గ్లోవ్స్ ఈ ఒక్క పరీక్షలోనే పోతాయి. ఈఎన్ 13594 గుర్తు, స్థాయి 1 గానీ 2 గానీ, కణుపులను పరీక్షించారనే ‘కేపీ’ అక్షరాలు లేబుల్‌పై వెతకండి.

ఆస్ట్రేలియా పరిశోధనలోనే, బైక్ గ్లోవ్స్ వేసుకున్నవారు ఆసుపత్రిలో చేరాల్సిన అవకాశం వేసుకోనివారి కంటే 59 శాతం తక్కువ. ప్యాంటుతో 51 శాతం, జాకెట్‌తో 21 శాతం తక్కువ. అయితే ప్రమాదంలో నాలుగో వంతు గ్లోవ్స్, మూడో వంతుకు దగ్గరగా జాకెట్లు చిరిగిపోయో పాడయ్యో విఫలమయ్యాయి. ‘బైక్ గేర్’ అనే పేరు చూసి కాకుండా లేబుల్ చూసి కొనాలనేది అందుకే.

## జాకెట్, ప్యాంటు

నైలాన్, కాటన్ కలిపిన యూనిఫాం కొమ్మకు తగిలి చిరగకుండా ఉండటానికి నేసినది. తారు మీద రాపిడి వేరు. నైలాన్ వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది కూడా. లోపల పాలిస్టర్ బనియన్ ఉంటే సమస్య రెట్టింపు. పైన ఏ జాకెట్ వేసుకున్నా లోపల నూలుదో ఉన్నిదో వేసుకోండి.

కవచం ప్లేట్లను వీపు రక్షణగా వాడవచ్చా అని కొందరు అడుగుతారు. వద్దు. ప్లేటు గట్టిది, దెబ్బను మింగదు, పడ్డప్పుడు దాని అంచు పక్కటెముకల్లోకో మెడలోకో దిగుతుంది. బైక్ వీపు ప్యాడ్‌కు ఈఎన్ 1621-2 పరీక్ష ఉంటుంది. ప్యాడ్ దాటి లోపలికి చేరే సగటు బలం స్థాయి 1లో 18 కిలోన్యూటన్లు, స్థాయి 2లో 9 కిలోన్యూటన్లు మించకూడదు. చాలా జాకెట్లతో వచ్చే పలుచని ఫోమ్ ముక్క పరీక్ష పాసైన ప్యాడ్ కాదు. తీసి చూడండి. దాని మీద ప్రమాణం సంఖ్య లేకపోతే స్థాయి 2 ప్యాడ్ విడిగా కొని పెట్టుకోండి.

బట్టల గ్రేడ్ ఈఎన్ 17092 లేబుల్ మీద ఉంటుంది.

| గ్రేడ్ | ముఖ్య భాగాల రాపిడి పరీక్ష వేగం (గంటకు) | ఎవరికి |
|---|---|---|
| ఏఏఏ | 120 కి.మీ. | స్పోర్ట్స్ బైక్, హైవే. బరువు, వేడి ఎక్కువ |
| ఏఏ | 70 కి.మీ. | రోజువారీ, దూర ప్రయాణం రెండూ చేసేవాళ్ళకు |
| ‘ఏ’ | 45 కి.మీ. | బాగా ఎండ కాసే చోట ఊరి లోపల తిరగడానికి |
| ‘బీ’ | ‘ఏ’ లాంటిదే, కానీ ప్యాడ్లు ఉండవు | విడిగా ప్యాడ్లు ఉన్నవాళ్ళకే |
| ‘సీ’ | బట్టకు రాపిడి పరీక్ష లేదు, ప్యాడ్లు మాత్రమే | పైన మరో పొర వేసుకునేవాళ్ళకు |

1.2 నుంచి 1.4 మిల్లీమీటర్ల మందం తోలు రాపిడికి ఇప్పటికీ గొప్పది. కానీ వానకు తడిస్తే ఆరదు, ఎండలో ఎవరూ వేసుకోరు, బ్యారక్స్ అల్మారాలో బూజు పడుతుంది. వేడి ప్రాంతంలో ఉద్యోగం చేసే సైనికుడికి నా ఓటు ఏఏ గ్రేడ్ మెష్ లేదా టెక్స్‌టైల్ జాకెట్‌కే. ఏఏఏ తోలు జాకెట్ కొని వారానికి రెండు రోజులు వేసుకునేవాడి కంటే, ఏఏ వేసుకుని ఏడు రోజులూ తిరిగేవాడు సురక్షితం.

ప్యాంటు దగ్గర అందరూ డబ్బు మిగులుస్తారు, పైన చెప్పిన లెక్కలో మాత్రం ప్యాంటు జాకెట్‌ను మించింది. యూనిఫాం ప్యాంటు మీదే తొడుక్కుని, పక్క జిప్పుతో ఆఫీసుకు చేరగానే తీసేసే ఓవర్‌ప్యాంటు సైనికుడికి అన్నిటికంటే అనుకూలం. మోకాలి ప్యాడ్ నిలబడినప్పుడు కాకుండా బండి మీద కూర్చున్నప్పుడు మోకాలి మీద ఉందో లేదో చూసి కొనండి.

పడ్డప్పుడు గ్యాస్‌తో ఉబ్బి ఒంటిని కాపాడే ఎయిర్‌బ్యాగ్ వెస్ట్ ఇవన్నీ అమరాకే. బండికి తాడుతో కట్టే రకంలో గ్యాస్ కార్ట్రిడ్జ్ మార్చుకుంటే చాలు, ఛార్జింగ్ అక్కర్లేదు. మారుమూల పోస్టింగులకు అదే నయం. కార్ట్రిడ్జ్‌తో విమానం ఎక్కాలంటే ముందే అనుమతి అడగాలి. తాడు విప్పకుండా బండి దిగడం అందరూ చేసే పొరపాటు, దానికి విడి కార్ట్రిడ్జ్ ఒకటి దగ్గరుంచుకోండి.

## కళ్ళద్దాలు, కనబడటం

యూనిట్ ఇచ్చే బాలిస్టిక్ (తునకలకు ఆగే) కళ్ళద్దాలు రాయికి, పురుగుకు బాగా ఆగుతాయి. వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) పైకెత్తి నడిపే కొద్దిసేపటికి, లేదా వైజర్ పగిలిన రోజు ఇంటికి చేరడానికి పనికొస్తాయి. ఫుల్ ఫేస్ లోపల రోజూ పెట్టుకుంటే వాటి మందపాటి కాడలు కణతలను నొక్కుతాయి. చీకటి పడ్డాక నల్ల అద్దం వద్దు, అది వైజరైనా కళ్ళజోడైనా.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ ప్రాంతంలో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మెరిసే లేదా కాంతిని తిప్పికొట్టే దుస్తులు వేసుకున్నవారికి ప్రమాద గాయాల ముప్పు 37 శాతం తక్కువని తేలింది. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ వాళ్ళకు 24 శాతం తక్కువ. సైనికులకు నలుపు, ఆలివ్ రంగులంటే మక్కువ. అవి శత్రువుకు కనబడకుండా ఉండటానికి ఎంచిన రంగులు. రోడ్డు మీద మీకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

పీటీకి వాడే మెరిసే బెల్టు నడుముకు కడితే జాకెట్ కింద దాగిపోతుంది. మెరిసే వెస్ట్ వేసుకుని దాని మీద కిట్ బ్యాగ్ తగిలిస్తే వెనక నుంచి ఏమీ కనబడదు. ఆ బెల్టును బ్యాగ్ చుట్టూ కట్టండి. బ్యాగ్‌లో వీపు వైపు మగ్గు, టిఫిన్ డబ్బా, తాళాల గుత్తి లాంటి గట్టివి పెట్టకండి. పడ్డప్పుడు అవి వెన్నెముకకు గుచ్చుకుంటాయి. బరువైన సామాను వెనక సీటు మీద రెండు పట్టీలతో కట్టడమే మంచిది.

## ఎవరు ఏది ముందు కొనాలి

క్వార్టర్స్ నుంచి గేటు వరకు రోజూ తిరిగేవారు: ‘పి/జె’ మాడ్యులర్ హెల్మెట్, బైక్ గ్లోవ్స్, ఓవర్‌ప్యాంటు, మెష్ జాకెట్, ఈ వరుసలో. కంబాట్ బూట్లతో సరిపెట్టుకోవచ్చు.

సెలవుకు వందల కిలోమీటర్లు బండి మీదే వెళ్ళేవారు: ఫుల్ ఫేస్, ఇయర్‌ప్లగ్స్, ఏఏ జాకెట్‌తో పాటు ప్యాంటు, స్థాయి 2 వీపు ప్యాడ్. తర్వాత బైక్ బూట్లు. వీళ్ళకు గేర్ కంటే ముందు నిద్ర కావాలి. 1997లో ప్రచురితమైన ప్రయోగంలో, 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. నైట్ గార్డు దిగగానే సెలవు చీటీ పట్టుకుని హైవే ఎక్కితే ఆ 17 గంటలు గేటు దగ్గరే దాటిపోయి ఉంటాయి. ఆరు గంటలు పడుకుని బయల్దేరండి.

దూరపు పోస్టింగ్ నుంచి ఇప్పుడే తిరిగొచ్చి, పొదుపు చేసిన జీతంతో పెద్ద బండి కొనబోతున్నవారు: గల్ఫ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల మీద 1996లో వచ్చిన అధ్యయనంలో, అదనంగా కనిపించిన మరణాలకు కారణం రోగాలు కావు, ఎక్కువగా ప్రమాదాలే. నెలల తరబడి హ్యాండిల్ పట్టని చేతులకు కొత్త బండి, కొత్త వేగం ఒకేసారి వద్దు. బండి బడ్జెట్ నుంచే గేర్ డబ్బు ముందు తీసి పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో వచ్చే బండి కొనండి. యూనిట్‌లో రైడర్ శిక్షణ ఉంటే దానికి పేరిచ్చాకే తాళం చేతికి తీసుకోండి. అమెరికా రక్షణ శాఖ నిబంధనల్లో ఆ శిక్షణ, హెల్మెట్, కళ్ళకు రక్షణ, పూర్తి వేళ్ళ గ్లోవ్స్, పొడుగు చేతులు, పొడుగు ప్యాంటు, చీలమండ దాటిన పాదరక్షలు సైనికులకు డ్యూటీలో లేనప్పుడు, క్యాంపు బయట కూడా వర్తిస్తాయి.

వెనక భార్యనో, పిల్లల్నో, తోటి జవానునో ఎక్కించుకునేవారు: వెనక కూర్చునేవారికి మీ పాత హెల్మెట్ ఇవ్వకండి, అది మీ తల కొలతకు అణిగిపోయింది. వాళ్ళ తల కొలిచి వాళ్ళకంటూ ఒకటి కొనండి. గ్లోవ్స్ విషయంలోనూ అంతే. పడ్డప్పుడు పట్టుకోవడానికి వాళ్ళకు హ్యాండిల్ కూడా ఉండదు.